రాతి మీద పైలట్

నాయనా,

నువ్వు పనిచేసిన యుద్ధవిమానాల స్క్వాడ్రన్ చరిత్రను పుస్తకంగా వేసినారు. మొన్న బెళుగుప్పకు పోస్టులో వచ్చింది. విమానాలు తోలినోళ్ల పేర్లన్నీ ఉండాయి. రన్‌వే మీద పక్షుల్ని తరిమిన కుక్క పేరు గూడా ఉండాది. చక్రాలు, బ్రేకులు చూసి పంపించిన నీ పేరు మాత్రం యాడా లేదు. ఒక ఫోటోలో విమానం కింద నీ కాళ్లు కనబడినాయి. కుట్లేసిన బూటును చూసి అమ్మ గుర్తుపట్టింది.

ఊరోళ్లు నిన్ను పైలట్ అని పిలిస్తే, "నేను తోలేవాణ్ణి కాదప్పా, మెకానిక్‌ని" అని కసురుకుంటాంటివి. అయినా నీ సమాధి రాయి మీద పైలట్ అనే చెక్కించినారు. నీకు నచ్చదని, సంవత్సరీకం లోపల దాన్ని తీసేయించాలని, ఈ పుస్తకం రాకముందే రాయి కొట్టేటాయన్ని పిలిచినా.

ఈ పొద్దు వచ్చినాడు. "ఏ మాట తీసేయాలమ్మా?" అన్నాడు.

"ఏదీ వద్దన్నా. పైలట్ అనేది ఇంకా లోతుగా కొట్టు" అన్నా.