నవ్య కోసం కట్టిన కట్ట

ఆదివారం రాత్రి, సారపాక

హైదరాబాద్ వెళ్లిపోయాక నా స్నేహితురాలు నవ్య ఈ రోజే మొదటిసారి ఫోన్ చేసింది. మా ఊరి పేపర్ మిల్లు అట్టముక్కల మీద ఇద్దరం నిప్పు, నీటి బొమ్మలు గీసి చేసుకున్న కార్డులతో అక్కడ ఎవరితోనైనా ఆడుతోందా అని అడిగాను.

“ఇక్కడ అందరు కొన్న కార్డులతోనే ఆడుతరే. మన అట్టలు చూసి నవ్విండ్రు.”

“మరి నీ కట్ట ఏం జేసినవ్?”

“తమ్మునికిచ్చిన. ఏందే, ఏడుస్తున్నవా?”

“లేదే, జలుబు.”

నా కట్టలో సగానికి పైగా నీటి కార్డులే. నవ్య కట్టలోని నిప్పు పులుల కార్డులను ఆపడానికే వాటిని ఏరి పెట్టుకున్నాను. ‘ప్రత్యర్థి’ అనే మాట ఈమధ్యే నేర్చుకున్నాను. అందులో ఇంత దగ్గరితనం ఉంటుందని నిఘంటువులో లేదు.

రేపు మా క్లాసు లతతో ఆడాలి. లత దగ్గర నిప్పు కార్డులే లేవు. గెలవాలంటే నా నీటి కార్డులు తీసేయాలి. ఇందాకటి నుంచి కట్ట ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కటీ తీయలేదు.