రెజ్ కారులో పక్క సీటు

మార్చి 4

ఈవేళా పొద్దున్నే గ్యారేజీ తలుపు తీసి నిలబడ్డాడు మా ఆయన రెజ్. కారు ఎవడో ఎత్తుకుపోయాడు, పోలీసులకు ఫోన్ చెయ్యి థెల్ అని నాతో అన్నాడు. ఆ దొంగని నేనే. మూడేళ్ల కిందట, మతిమరుపు ముదిరి అతని డ్రైవింగ్ లైసెన్సు రద్దయిన నెలలోనే, అమ్మేశాను. కొన్నవాడి అడ్రసైనా రాసిపెట్టుకోలేదు.

1953 నాటి జాగ్వార్ రేసు కారుకి నకలు అది. పదకొండేళ్లు కష్టపడి తన చేత్తోనే తయారుచేశాడు. పాత ఫొటోల మీద భూతద్దం పెట్టి రేకుల్ని బిగించే రివెట్లు లెక్కపెడుతుంటే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు అలాంటిదే సెకండ్‌హ్యాండ్‌లో నేనే వెతుకుతున్నాను. రెజ్ రోజుకో గంట అందులో కూర్చుంటే కారు పోయిందన్న ఏడుపు ఆగుతుందేమోనని.

మార్చి 15

కెటరింగ్ అనే ఊళ్లో అలాంటి కారొకటి చూశాం. రెజ్ దాని చుట్టూ ఒక్కసారి తిరిగి, అద్దం తప్పు, చక్రాల ఊచలు తప్పు, ఇది కారా పెళ్లి కేకా అన్నాడు. అమ్మేవాడి మొహం మాడిపోయింది. నేను రోడ్డు మీదికొచ్చేదాకా నవ్వు ఆపుకున్నాను.

మార్చి 16

టీ ఇస్తే రెజ్ నాతో, మీరు చాలా మంచివారండీ అన్నాడు. నలభై ఆరేళ్ల కాపురం.

మార్చి 22

పాత కార్ల క్లబ్బు పత్రికకి, కారు కావాలని ప్రకటన పంపాను. అచ్చం అసలుదానిలా ఉండాలి, ఒక్క రివెట్టు తేడా ఉన్నా వద్దు అని రాశాను. తేడా ఉంటే రెజ్ పట్టేస్తాడు మరి.

ఏప్రిల్ 9

ప్రకటన చూసి, లడ్లో అనే ఊరి నుంచి హ్యూ ప్రిచర్డ్ అనే ఆయన ఫోన్ చేశాడు. తను అమ్మే కారు డాష్‌బోర్డు వెనక రెజ్ పేరు చెక్కి ఉందట. అది మా కారే. ఆ పేరు ఆయనచేత రెండుసార్లు చదివించుకున్నాను.

మీ ఆయన పనితనానికి దండం పెట్టాలమ్మా, ఒక్కచోటే చరిత్ర తప్పాడు, మీరొచ్చేలోపు అది సరిచేసి ఉంచుతాను అన్నాడు. తప్పకుండా చెయ్యండి, మీ మేలు మరిచిపోను అన్నాను. ఏమిటా తప్పని అడగలేదు.

ఏప్రిల్ 19

ప్రిచర్డ్ ఇంటికి వెళ్లాం, రెజ్ తన పాత వర్క్‌షాపు కోటు వేసుకున్నాడు. గేటు దగ్గరనుంచే కారు చూసి నడక పెంచాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. తర్వాత అవతలి వైపుకి వెళ్లి ఆగిపోయాడు.

పక్క సీటు లేదు. దాని చోట అల్యూమినియం రేకు, వరసగా కొత్త రివెట్లు. రేసు రోజు ఫొటోలో ఇలాగే మూసి ఉంటుందమ్మా, మీ ఆయనే ఎందుకో సీటు పెట్టాడు అని ప్రిచర్డ్ సంబరంగా చెబుతున్నాడు.

ఎందుకో నాకు తెలుసు. నాకు చోటులేని కారు నా ఇంట్లో ఉండటానికి వీల్లేదని ఒకరోజు కేకలేశాను. రివెట్లు లెక్కపెట్టే మనిషి, నోరెత్తకుండా చరిత్ర పాడుచేసుకుని, తోలు తనే కుట్టి సీటు పెట్టాడు. ఆ సంగతే మరిచిపోయాను. మా ఇంట్లో గుర్తుపెట్టుకోవాల్సినదాన్ని నేను.

ఇది నాది కాదు, నా దాన్లో థెల్‌కి సీటుంటుంది అన్నాడు రెజ్. నా వైపు తిరిగి, మీకు థెల్ తెలుసాండీ అని అడిగాడు.

తెలుసు అన్నాను.

అదే రోజు, సాయంత్రం 6

కారు కొనలేదు. రేకు పీకేస్తానని ప్రిచర్డ్ బతిమాలాడు గానీ రెజ్ మళ్లీ దాని దగ్గరికి రాలేదు. పాపం, ప్రిచర్డే తను పీకిన ఆ సీటు అటకమీంచి దింపి మా మామూలు కారు డిక్కీలో పెట్టాడు.

ఏప్రిల్ 27

సీటు గ్యారేజీ మధ్యలో వేశాను. రెజ్ పక్కనే స్టూలు మీద కూర్చుంటున్నాడు. కారు ఎత్తుకుపోయారని ఈ వారం ఒక్కసారీ అనలేదు.

ఇవాళ నేను సీట్లో కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఏమనుకోకండి, థెల్ వచ్చేస్తుంది అన్నాడు.

నిలబడే ఉన్నాను.