స్కాన్ అయ్యేదాకా టీ వద్దు

బెగిమాయ్ తల్లీ, నిన్ను లేపబుద్ధి కాలేదు. గుండె ఆసుపత్రిలో నీ కోసం వరసలో నిలబడడానికి వెళుతున్నాను. తెల్లారాక ఓష్ బజారు బస్సెక్కి రా. గుండె నెమ్మదించే మాత్ర మంచినీళ్లతోనే వేసుకో. టీ మాత్రం ముట్టకు. టీ తాగి గుండె దడదడలాడితే స్కాన్‌లో రక్తనాళాలు మసకగా వస్తాయి.

మీ అమ్మకు అలాగే అయింది. స్కాన్‌కి బయలుదేరుతుంటే పక్కింటి సాల్తనత్ అత్త వచ్చింది. మీ అమ్మ ఆమెకు టీ పోసింది, తను తాగొద్దని నేనంటున్నా వినలేదు. "ఇంటికొచ్చిన మనిషి ఒక్కతే తాగుతుంటే నేను నోరు కట్టుకు కూర్చోనా? పరువు పోదూ!" అని నవ్వుతూ తనూ తాగింది. బొమ్మ సరిగ్గా రాలేదని డాక్టరు వచ్చే వారం రమ్మన్నాడు. ఆ వారం ఆమెకు రాలేదు.

ఎవరొచ్చినా తలుపు తీయకు. మర్యాద పోతే పోనీ, నాకు నువ్వు మిగలాలి.

నాన్న

అత్త పిలిస్తే ఒంట్లో బాలేదని లోపల్నుంచే చెప్పు. టీ సంగతి ఎత్తకు. ఆ రోజు ఏం జరిగిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తెలియనివ్వొద్దు.