దిద్దని బత్కమ్మ

పానగల్,
దసరా మరునాడు.

బిడ్డ లీలమ్మకు అమ్మ దీవెనలు. నేనూ మీ బాపూ వేళకు తింటున్నాము, ఫికర్ పెట్టుకోకు.

మీ చెల్లె యాదమ్మ పోయి ఏడాది నిండలేదు కనుక ఈసారి ఇంట్లో బత్కమ్మను పేర్చలేదు. బడిలో మాత్రం పంతులమ్మ పిల్లలతో కాగితపు బత్కమ్మను చేయించింది. ఎవరి పాట వాళ్లే కట్టి, కాగితం మీద రాసి, దాన్నే పువ్వుగా మడవాలి. యాదమ్మతో బడికి పోయే కృష్ణమ్మ ఇంటికి వచ్చి, "పెద్దమ్మా, యాది రాసింది ఒక్కటియ్యి. దాని పువ్వు లేకుంటె మా బత్కమ్మ బోసిగుంటది" అన్నది.

"మైలింటి పువ్వు ఎట్ల పెడ్తరే?" అన్నాను.

"మైల మీ ఇంటికేనట, బడికి లేదట. పంతులమ్మనే చెప్పింది!"

నవ్వొచ్చింది బిడ్డా, ఇన్నాళ్లకు. పెట్టెలో మిగిలిన ఒక్క కాగితం తీసి ఇచ్చాను. "మా అమ్మ పేర్చిన బత్కమ్మ, మా అక్క మోసిన బత్కమ్మ" అని పోయినేడు అది రాసుకున్న పాట. మనం పలికినట్టే బత్కమ్మ అని రాసింది. పంతులమ్మ దిద్దబోయి కలం ఆపిందట. తంగేడు పువ్వు చేసి అన్నిటికీ పైన పెట్టారు.

నీళ్లలో వదిలేటప్పుడు కృష్ణమ్మ ఆ పువ్వు తీసి నాకియ్యబోయింది. పేర్చిన బత్కమ్మలోంచి పువ్వు తీయగూడదు కదా. "ఉండనియ్యి" అన్నాను.

నీకు యాదమ్మ రాసిన కార్డు ఉన్నది కదా, పారేయకు. వచ్చేటప్పుడు తప్పక తే. చంటోని దగ్గు తగ్గిందా? వాము కాచి తాపు. అల్లునికి, పిల్లలకు నా దీవెనలు.

నాకు అక్షరాలు నేర్పింది మన యాదమ్మే. నేనూ బత్కమ్మ అనే రాశాను. నువ్వు దిద్దకు.

మీ అమ్మ
నర్సింగమ్మ