నా గాచారం అన్న మాట

వికారాబాద్, హాస్టల్ నుంచి

నాయినకు,

ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్న" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయలేవు కదా.

కాలేజీ అయ్యాక ఇవాళ మన వకీలు పద్మారాణి మేడం దగ్గరికి వెళ్లాను. నీ కాలు విరిగిందని డాక్టరు చెప్తే సరిపోదట. కారు నడిపిన మనిషి నిర్లక్ష్యం వల్లే విరిగిందని మనమే చూపించాలట. నిర్లక్ష్యం అంటే ఏదో పెద్ద మాట అనుకునేదాన్ని. విడదీసి చూస్తే లక్ష్యపెట్టకపోవడమే. ఎదుట మనిషి ఉన్నాడని చూడకపోవడమే.

మనవైపు బలం లేకపోలేదు. కరణ్‌కోట రోడ్డు పక్కన, బండల పొడితో తెల్లబడిన ఆ మట్టిలో, నువ్వు సైకిలు పట్టుకుని నిలబడ్డావు. కారు టైర్ల జాడ తారు రోడ్డు దిగి నీ సైకిలు పడిన చోటికే వచ్చింది. పోలీసులు తీసిన ఫోటోలో ఆ జాడ తెల్లటి పొడిలో గీత గీసినట్టుంది. ఎదురుగా హోటల్ నడిపే శాంతవ్వ కూడా చూసింది. కానీ కారు నడిపిన జ్యోతి అనే అమ్మాయి, నువ్వే అడ్డం వచ్చావని అంటోంది. పైగా కింద పడ్డాక నువ్వే ఆమెతో ఒక మాట అన్నావట: "ఏడ్వకు బిడ్డా, నీ తప్పేం లేదు, నా గాచారం." శాంతవ్వ కూడా విన్నది. బీమా కంపెనీ వకీలు ఆ ఒక్క మాటే పట్టుకున్నాడు. తప్పు లేదని, అంతా తన గ్రహచారమేనని దెబ్బ తిన్న మనిషే ఒప్పుకున్నాడు కదా అంటున్నాడు.

ఈ కేసు పోతే పరిహారం రాదు, రెండో ఆపరేషన్ లేదు. ఆ ఆపరేషన్ లేకపోతే నువ్వు మళ్లీ బండల పాలిష్ మిషన్ దగ్గర నిలబడలేవు. అందుకని కోర్టులో అడిగితే యాదికి లేదని చెప్పు నాయినా. అంత దెబ్బ తగిలిన మనిషికి యాది లేకపోవడం వింత కాదు.

ఇంకొకటి. రాయొద్దనుకున్నాను. మేడం చూపించిన జ్యోతి వాంగ్మూలం కాగితంలో 'బిడ్డా' అన్న మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. నేను కాలేజీలో చేరినప్పటి నుంచి నువ్వు నన్ను మల్లిక మేడం అంటున్నావు. మొదట నవ్వొచ్చేది. అమ్మ పోయాక మనకు మిగిలింది మనిద్దరమే. ఆదివారం హాస్టల్‌లో అందరికీ ఎవరో ఒకరు వస్తారు. గేటు దగ్గర ఎవరినైనా బిడ్డా అని పిలిస్తే నేనూ తిరిగి చూస్తాను. నిన్ను గుద్దిన అమ్మాయికి దొరికిన మాట నాకెందుకు దొరకదు?

మల్లిక, బి.ఏ. మొదటి సంవత్సరం

*

తాండూరు

మల్లిక మేడంకు,

నీ ఉత్తరం చదివిన. మళ్ల చదివిన. గా మాట నాకు మంచిగ యాదికున్నది. అన్న. అన్నదాన్ని అనలేదని ఎట్ల చెప్త? కాలేజీల మస్తు మాటలు నేర్సుకుంటున్నవని అందరికి చెప్పుకుంటున్న. గిది గూడ ఆడనే నేర్సినవా?

కాలుకు ఫికర్ చెయ్యకు. చలికి జర గుంజుతది, గంతే. పాలు తాగు.

జంగప్ప

*

వికారాబాద్

నాయినా,

నీ ఉత్తరం చూసి సిగ్గుపడ్డాను. జవాబు రాయలేకపోయాను. నువ్వు కోర్టుకు వచ్చిన రోజు నిన్ను దూరం నుంచే చూశాను. వెనక బల్ల మీద కూర్చున్నాను.

బీమా వకీలు అడిగాడు, ఆ మాట అన్నావా అని. "అన్న" అని చెప్పావు. పద్మారాణి మేడం తల వంచుకుంది. అయితే ఆమె తప్పు లేదన్నట్టే కదా అన్నాడతను.

"ఏడ్సే పిల్లతోని తప్పు నీదే అని ఎట్లంటం సార్? మిషన్‌ల నా వేలు పోయిననాడు గూడ నా గాచారమే అన్న. మిషన్ ఆపనోనిది తప్పు గాదని గాదు. మా దిక్కు గట్లనే అంటం."

ఎవరో నవ్వారు. జడ్జి నవ్వలేదు, రాసుకున్నారు. ముక్కూ మొహం తెలియని మనిషిని బిడ్డా అని ఎందుకు పిలిచావని వకీలు వదలకుండా అడిగాడు. నువ్వు నీ ఊతకర్ర సర్దుకున్నావు.

"గా పిల్ల భుజానికి కాలేజీ సంచున్నది. సోయి తప్పుతుంటే నా బిడ్డే వచ్చింది అనుకున్న."

ఆ సాయంత్రం నిన్ను తాండూరు రైలు ఎక్కించడానికి వచ్చాను. దారంతా నీ కర్ర చప్పుడే విన్నాను. "పో, హాస్టల్ గేటు మూస్తరు" అన్నావు. రైలు కదిలాక కూడా ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాను.

ఇవాళ తీర్పు వచ్చింది. మనం గెలిచాం. టైర్ల జాడను, శాంతవ్వ సాక్ష్యాన్ని కోర్టు నమ్మింది. కారు తారు దిగి మట్టిలోకి ఎందుకు వచ్చిందో ఆ అమ్మాయి చెప్పలేకపోయిందట. నీ మాట గురించి తీర్పులో ఒక వాక్యం ఉంది, ఇంగ్లీషులో. మేడం చదివి వినిపిస్తే దాన్ని తెలుగులో పెట్టడానికి సాయంత్రమంతా కూర్చున్నాను. చివరికి ఇలా కుదిరింది: ఓదార్పు ఒప్పుకోలు కాదు.

నేను చెప్పమన్నట్టు యాదికి లేదని చెప్పి ఉంటే, ఈ వాక్యం పుట్టేదే కాదు.

ఇక ఆపరేషన్ ఎప్పుడో డాక్టరును అడుగుదాం. నా రూమ్మేట్లు ఊళ్లకు పోయారు, గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. మంచిగనే ఉన్న అని కూడా చెప్పక్కర్లేదు. జ్యోతిని పిలిచిన ఆ మాటతో నన్నూ ఒక్కసారి పిలిచి పెట్టేయి.

నీ బిడ్డ