మగ్గాలు ఆగిన చోటు

గుడియాత్తం,
9 జూన్ 2025

చిరంజీవి గోపినాథ్‌కు,

వీధి వరసకు పెదనాయన నారాయణన్ ఆశీస్సులు. ఇవి మర్యాద కోసం రాసినవి. మనసులో ఉన్నవి కింద రాస్తున్నాను, నీళ్లు తాగి కూర్చుని చదువు. తెలుగు లిపి మరిచిపోయానని తప్పించుకోకు. మీ అమ్మ నా మగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే రోజుల్లో నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది నేనే.

మా మనవరాలు మోనిష వేలూరులో చదువుకుంటూ, స్నేహితులతో కలిసి 'గంజి' అని బ్యాండు పెట్టింది. వాళ్ల మొదటి ఆల్బం 'పడుగు' మా షెడ్డులోనే, మగ్గాలు ఆడుతుండగా రికార్డు చేశారు. దానిమీద నువ్వు బెంగుళూరు పత్రికలో రాసిన సమీక్ష చదివాను.

మద్రాసు పత్రికవాడొకడు అంగట్లో గిన్నెలు దొర్లిన శబ్దమన్నాడు. కాట్పాడి కుర్రవాడొకడు ఆల్బంతోపాటు తలనొప్పి మాత్ర కూడా ఇవ్వాలన్నాడు. వాళ్ల మీద నాకు కోపం లేదు. మొదటిసారి వింటూ నేనూ లేచి బయటికి వెళ్లిపోయాను. ఆ గిటార్ల అరుపుకు గోడ మీది బల్లి కూడా ఇల్లు మారింది. రెండోసారి విన్నప్పుడు ఆ రభస కింద నా మగ్గాలు వినిపించాయి. అందులో మా నేతగాడు కుప్పన్ మగ్గం ఏదో కూడా పోల్చుకున్నాను.

మరి నువ్వు? మూడో పాట నడుమ మగ్గాలన్నీ ఆగిపోయి కాసేపు ఏమీ వినిపించదు. దాన్ని పట్టుకుని, చేతకాని రికార్డింగు అన్నావు. ఎడిటింగు చేసేవాడు నిద్రపోయాడన్నావు. మగ్గాన్ని అలంకారంగా వాడుకునే నగరపు పిల్లలకు మౌనం విలువ తెలియదన్నావు. ఎంత చక్కటి వాక్యం! వాక్యం బాగుంటే చాలు, చెవి అక్కర్లేదనుకునే మేధావులను నేను చాలామందిని చదివాను. వాళ్లెవరూ మగ్గాల వీధిలో పుట్టలేదు. నువ్వు పుట్టావు.

పాడె మన వీధి మలుపు తిరగగానే తప్పెట ఆపుతారు. షెడ్లలో మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడె ఆపుతారు. చావుకు షెడ్డు మూయడం మనలో లేదు, పాడె దాటేదాకా చేయి కదపకపోవడమే మర్యాద. ఇది నీకు నేను చెప్పాలా? రికార్డింగు మధ్యలో పాడె వచ్చింది. మావాళ్లు మగ్గాలు ఆపారు. పిల్లలు గిటార్లు దించారు, రికార్డింగు యంత్రం మాత్రం తిరుగుతూనే ఉంది. చెవి పెట్టి వింటే కాళ్ల చప్పుడు కూడా ఉంది.

నీ ఇంగ్లీషు సమీక్ష చదివి అర్థం చెబితే కుప్పన్, "ఏం సామీ, మొగ్గం ఆపినందుకు కూడా తిట్టినాడా? యాడ పుట్టినాడో మరిచిపోయినాడా?" అన్నాడు. "ఇంగ్లీషులో కదా తిట్టినాడు, మనకు తగల్లేదులే" అని పక్క మగ్గం మురుగన్ నవ్వాడు.

మోనిషకు తగిలింది. ఈ శుక్రవారం ఆల్బం గ్రామఫోన్ రికార్డుగా అచ్చుకు పోతుంది. నిన్న ఫోన్ చేసి, "ఆ మగ్గాలు ఆగిన చోటు కోసేస్తా తాతా. అంతటోడు చెప్పినాడంటే తప్పే అయ్యుంటాది" అంది. వద్దన్నాను. "నీకు ఈ మ్యూజిక్కే పిడిక్కాదు, నచ్చనే నచ్చదు కదా తాతా!" అని నా నోరు మూయించింది.

నా మాట చెల్లదు, నీ మాట చెల్లుతుంది. నా కడుపుమంట అదే. శుక్రవారం లోపల ఆ పిల్లకు ఫోన్ చేసి, నేనే తప్పు రాశానని చెప్పు. ఆల్బం బాగుందని అబద్ధమాడమనడం లేదు. మిగతా పాటలను ఎంత తిట్టుకుంటావో తిట్టుకో. ఆ చోటు మాత్రం కోయవద్దను.

ఇంకా కోపం చల్లారని,
నారాయణన్

తా.క.: ఆ పాడె ఎవరిదో మోనిషకు తెలియదు. నేను చెప్పలేదు. ఆ రోజు నువ్వు బెంగుళూరులో ఏదో సంగీతోత్సవంలో వేదిక మీద ఉన్నావు, ఫోన్ ఎత్తలేదు. పొద్దు వాలేదాకా నీ కోసం చూసి, ఇక ఆగలేక పాడె ఎత్తారు. నీ బదులు మీ అక్క కొడుకు నిప్పుకుండతో ముందు నడిచాడు. నీకు చేతకానిదిగా వినిపించిన ఆ మౌనంలో నడిచే కాళ్లు మీ అమ్మను మోసినవి. ఇక ఫోన్ చేస్తావో లేదో నీ ఇష్టం.