డోలక్ ఎడమ పక్క

కాశిబుగ్గ
సెప్టెంబర్ 4

ప్రియమైన పెద్దబాపుకు,

వినోద నమస్కారాలు. అక్కడ మీరు, పెద్దమ్మ బాగున్నారని అనుకుంటున్నాను. ఇక్కడ అమ్మ, నేను బాగానే ఉన్నాం.

ఫోన్ చేసి చేసి విసుగొచ్చి ఉత్తరం రాస్తున్నాను. ఎప్పుడు చేసినా పెద్దమ్మే ఎత్తుతుంది. "పండుకున్నడు బిడ్డా" అంటుంది. పొద్దున పదింటికి పడుకునే మనిషి కారు మీరు. ఆషాఢంలో ఒకరోజు లేచి చూస్తే మీ ఇంటికి తాళం, మా అరుగు మీద పాత లుంగీలో చుట్టిన మీ డోలక్. పెద్దమ్మ పుట్టిన ఊళ్ళో పొలం చూసుకోవడానికి రఘునాథపల్లి పోయారని వాడంతా అంటోంది. జీవితమంతా మగ్గం మీద కూర్చున్న మనిషికి పొలం మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో నాకు అర్థం కాలేదు. అన్నట్టు, పోయే ముందు పన్ను నొప్పని మూతికి తువ్వాల చుట్టుకొని తిరిగారు కదా, తగ్గిందా?

అసలు సంగతికి వస్తాను. కార్తీకంలో మన భజన గుడిలో ఏకాహం. మీరు లేరు కనుక డోలక్ నా ఒళ్ళో పెట్టారు. పొద్దు పొడిచింది మొదలు మళ్ళీ పొద్దు పొడిచే దాకా పాట తెగొద్దు, డోలక్ ఆగొద్దు. మధ్యలో చేయి మార్చడానికి హసన్‌పర్తి నుంచి ఒకాయన వస్తాడట.

పోయినసారి మనం చేయి మార్చుకున్నది గుర్తుందా? మీరు వాయిస్తూనే ఉంటే నేను పక్కన కూర్చొని ముందు ఎడమ పక్క అందుకోవాలి, అది కుదిరాక మీరు కుడి పక్క వదలాలి. నేను అందుకోగానే, ముందుండి పాడే సదానందం మామ పాట ఆపకుండానే నా వైపు తిరిగి చూశాడు. గుమ్మని మోగాల్సింది తడిగుడ్డ పడ్డట్టు పడింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

రోజంతా జిరాక్స్ షాపులో బటన్లు నొక్కే చేతులు నావి. అదీ కుడి చేయే. ఎడమ చేయి గట్టిపడాలంటే ఏం చేయాలో రాయండి. ఏకాహం తెగితే వాడకు మంచిది కాదని ముసలోళ్ళు ఇప్పటి నుంచే అంటున్నారు. ఆ మాట నా మీద పడుతుందేమోనని భయంగా ఉంది.

మీరు ఎత్తని ఫోన్‌ను చూస్తూ కూర్చున్న,
వినోద

*

రఘునాథపల్లి
సెప్టెంబర్ 11

చిరంజీవి వినోదకు పెద్దబాపు దీవించి రాస్తున్నది.

ఉత్తరం అందింది. పన్ను నొప్పి తగ్గింది. ఇక ఫోన్ చేయకు, ఇక్కడ సిగ్నల్ ఉండదు. చేతి సంగతి చేతితోనే రాసుకుందాం.

నీ ఎడమ చేతికి బలం లేక కాదు, పని లేక అట్లా ఉంది. నా ఎడమ చేయిని నేను మగ్గం మీద సంపాదించుకున్నాను. పోగును అటూ ఇటూ నడిపే నాడెను ఆడించేది కుడి చేయి, పోగును దగ్గరికి కొట్టేది ఎడమ చేయి. పగలంతా ఆ దెబ్బ కొట్టి సాయంత్రం డోలక్ ముందు కూర్చుంటే ఎడమ పక్క దానంతటదే మాట్లాడేది. నీకు మగ్గం లేదు కనుక వేరే పని చెప్తాను.

తువ్వాల తడిపి ఎడమ చేత్తోనే పిండు. పళ్ళెంలో పెసర్లు పోసుకొని, బొటనవేలికి ఒక్కో వేలు కలిపి ఒక్కో గింజ ఏరు. చపాతీ పిండి ముద్ద పట్టుకొని నొక్కు, వదులు. అరచేయి బల్ల మీద బోర్లా పెట్టి ఒక్కో వేలూ పైకి లేపు. లేవని వేలి మీద కోపం తెచ్చుకోకు. ఏడవకు.

ఇవన్నీ అయ్యాకే డోలక్. ముందు ఎడమ పక్క ఒక్కటే, నెమ్మదిగా. మణికట్టు దగ్గరి అరచేతి మడమను చర్మానికి ఆనించి ముందుకు జార్చు. చప్పుడు పైన కాదు, కడుపులోంచి రావాలి.

సదానందం నా గురించి అడిగితే పొలం పనిలో ఉన్నాడని చెప్పు. ఇంకేం చెప్పకు.

నీ మేలు కోరే,
పెద్దబాపు సారంగపాణి

*

కాశిబుగ్గ
సెప్టెంబర్ 20

ప్రియమైన పెద్దబాపుకు,

వినోద నమస్కారాలు. హైవే పక్కన ఊరు, సిగ్నల్ లేదంటే ఎవరు నమ్ముతారు? సరే, నమ్మినట్టే ఉంటాను.

మా ఇంట్లో తువ్వాళ్ళన్నీ ఇప్పుడు నేనే పిండుతున్నాను. అమ్మకు మహా సంతోషంగా ఉంది. "మీ పెద్దబాపును జర బట్టలు ఉతుకుడు గూడ నేర్పమను" అంటోంది. పెసర్లతోనే చావొచ్చింది. చిటికెన వేలితో ఏరబోతే గింజ ఎగిరి పొయ్యి కిందికి పోతోంది. అయినా నిజం చెప్పాలి, చేతిలో మార్పు వచ్చింది. నిన్న ఎడమ పక్క మీద మడమ జార్చితే డోలక్ లోపల ఎవరో మూలిగినట్టు వినిపించింది. భయపడి చేయి తీసేశాను. తర్వాత నవ్వొచ్చింది.

ఒక మాట అడుగుతాను, తిట్టొద్దు. పెసర్లు ఏరమని ఏ డోలక్ గురువు చెప్తాడు? మా అమ్మమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు దవాఖానలో ఇదే చేయించారు. మీకు ఎవరు చెప్పారు?

ఇంకొక కోరిక. నాతో పాటు మీరూ ఏరండి. పొద్దున్నే అక్కడ మీ ముందూ ఒక పళ్ళెం ఉందనుకుంటే నాకు ఇక్కడ ధైర్యంగా ఉంటుంది. ఒక్కదాన్నే కూర్చుంటే ఏవేవో ఆలోచనలు వస్తున్నాయి. ఏకాహానికి కాసేపు వచ్చి కూర్చోండి. వాయించకపోయినా సరే.

మీ పళ్ళెం కోసం అడుగుతున్న,
వినోద

*

రఘునాథపల్లి
సెప్టెంబర్ 28

చిరంజీవి వినోదకు పెద్దబాపు దీవించి రాస్తున్నది.

ఎవరు చెప్తే ఏంది? చేయి ఎవరిదైనా చేయే. చెప్పింది చెయ్యి, ఆరాలు తీయకు.

నాకెందుకమ్మా పెసర్లు? నా ఎడమ చేయి ఎట్లాంటిదో నీకు తెలియదా? మీ పెద్దమ్మా నీలాగే పొద్దున్నే పళ్ళెం తెచ్చి ముందు పెడుతుంది. ముట్టకుండా కూర్చుంటే తీసుకుపోయి కోళ్ళకు వేస్తుంది. ఇక్కడి కోళ్ళు బలిశాయి.

నీ చేయి మాట వింటున్నదని చదివి సంతోషించాను. ఆ పేరా పెద్దమ్మతో రెండుసార్లు చదివించుకున్నాను. భయపడి చేయి తీసేశానని రాశావు. అది చేయకు. చేయి కదలదేమోనన్న భయంతో కదపకుండా కూర్చుంటే, కొన్నాళ్ళకు అది నిజంగానే కదలదు. ఈ సంగతి నాకు తెలుసు.

ఏకాహానికి రాను. మళ్ళీ రమ్మని రాయకు. సదానందం ఎదురుగా కూర్చొని ఒట్టి చేతులతో తాళం వేసే మనిషిని కాను నేను.

నీ మేలు కోరే,
పెద్దబాపు

*

కాశిబుగ్గ
అక్టోబర్ 6

ప్రియమైన పెద్దబాపుకు,

ఈ ఉత్తరం మీ దగ్గరే ఉంచుకోండి. అమ్మకు కూడా చెప్పలేదు.

మొన్నటి నుంచి నా ఎడమ చేయి తిమ్మిరిగా ఉంటోంది. నిన్న షాపులో కాగితాల కట్ట పట్టుకుంటే పట్టుకున్నట్టే జారి కింద పడింది. మాట కూడా ఒక్కోసారి తడబడుతోంది. నూనె రాసుకొని పడుకుంటున్నాను. దవాఖానకు మాత్రం పోను. పోతే డోలక్ నా దగ్గర నుంచి తీసుకుంటారు, వాడంతా జాలిగా చూస్తారు. ఎవరికీ కనబడకుండా ఎటన్నా పోయి ఉండాలనిపిస్తోంది.

చాలా భయంగా ఉంది పెద్దబాపూ. మీరు ఎట్లా చేయమంటే అట్లా చేస్తాను.

వినోద

*

రఘునాథపల్లి
అక్టోబర్ 9

బిడ్డా వినోదా,

ఇది పోస్టులో వేయడం లేదు. చేత పట్టుకొని వస్తున్నాను. పొద్దటి నుంచి ఫోన్ చేస్తున్నాం, నువ్వు ఎత్తడం లేదు. నాకు మాట సరిగా రాదు, నిన్ను చూస్తే అసలే రాదు. అందుకని రాసి తెస్తున్నాను. నిలబడి చదవకు, ముందు నాతో దవాఖానకు పద. ఆటోలో చదువు.

జ్యేష్ఠంలో ఒక సాయంత్రం మగ్గం దిగుతుంటే నాకూ ఇట్లాగే తిమ్మిరెక్కింది. నూనె రాయించుకున్నాను. పెద్దమ్మ "దవాఖానకు పోదాం నడువు" అని మొత్తుకుంది. "పొద్దుగాల చూద్దాం తియ్యి" అన్నాను. తెల్లారేసరికి చేయి నాది కాదు. మూతి ఒక పక్కకు పోయింది. అప్పుడే వస్తే ఇంత కాకపోవునని డాక్టర్ అన్నాడు. నాకు పన్ను నొప్పి లేదు. పొలం పని లేదు. ఆ మూతి వాడకు చూపించలేక పారిపోయి వచ్చాను.

పెసర్లు, తువ్వాల, పిండి ముద్ద, అన్నీ దవాఖానలో నాకు చెప్పిన పనులు. నేను చేయలేదు. ఎడమ చేయి గింజను పట్టలేక వణుకుతుంటే చూడలేకపోయాను. మళ్ళీ రమ్మన్నారు, పోలేదు. నేను చేయనివి నీకు రాశాను. నీ చేయి గట్టిపడుతోందని చదివినప్పుడల్లా నాదే గట్టిపడినట్టు ఉండేది.

ఇప్పుడు నీకు కూడా అదే అంటున్నావు. నా చేయి పోయిననాడు కూడా ఇంత భయపడలేదు. డోలక్ ఎవరన్నా తీసుకోనీ, ఏకాహం తెగితే తెగనీ. నాలాగా పొద్దున చూద్దామనకు. పెద్దమ్మ చెప్పులు తెచ్చింది, బస్సు

*

కాశిబుగ్గ
అక్టోబర్ 13

ప్రియమైన పెద్దబాపుకు,

ఎదుట నిలబడి చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. చదివాక ఎంత తిట్టినా పడతాను.

మీరు రావడం షాపులోంచి చూశాను. ఎడమ చేయి జేబులో పెట్టుకొని, పెద్దమ్మను వెనక వదిలేసి, మిట్టమధ్యాహ్నం వాడ నడిమి నుంచి నడిచి వచ్చారు. టీ కొట్టు దగ్గర సదానందం మామ పిలిస్తే ఆగలేదు. మూడు నెలలు ఎవరికీ మొహం చూపించని మనిషి ఆరోజు ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోలేదు. కాగితం నా చేతిలో కుక్కి, నా ఎడమ చేయి పట్టుకొని ఆటో ఎక్కించారు. దారంతా ఆ చేయి వదలలేదు. నేను చదువుతుంటే కాగితం మీద కళ్ళ నీళ్ళు పడ్డాయి. మీరు నొప్పి అనుకున్నారు.

దవాఖానలో "ముందుగాల ఈ పిల్లను చూడుండ్రి" అన్న ఒక్క మాట కోసం మీరు ఎంత తంటాలు పడ్డారో! డాక్టర్ నా వేళ్ళు నొక్కి, లాగి, "నీకేం కాలేదమ్మా, చెయ్యి మంచిగున్నది" అన్నాడు. తర్వాత మీ వైపు చూసి "మరి మీరెందుకు వస్తలేరు?" అని అడిగాడు. మీరు ఆ మాట వినలేదు. బెంచీ మీద కూలబడి "మంచిగున్నదా, మంచిగున్నదా" అంటూనే ఉన్నారు.

నా చేయి మొదటి నుంచీ మంచిగానే ఉంది. తిమ్మిరి రాలేదు. కాగితాలు జారలేదు.

పెసర్ల ఉత్తరం చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మీరు స్నానానికి పోయిన వేళ చూసి పెద్దమ్మకు ఫోన్ చేశాను. గట్టిగా అడిగితే ఏడ్చింది. "దవాఖానకు పోదామంటె కదుల్తలేడు బిడ్డా, మనుషుల్ల పడనంటాండు" అన్నది. మిమ్మల్ని మీ కోసం లేవమంటే లేవరని తెలిసింది. అందుకే పెద్దమ్మ చెప్పిన మీ బాధంతా నాదని రాశాను. ఫోన్ మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను. కాగితం మీద ఆడగలిగాను కానీ గొంతుతో మీకు అబద్ధం చెప్పలేను.

మీరు వస్తారనుకోలేదు. మీ సంగతి రాస్తారని మాత్రమే అనుకున్నాను. ఆ బస్సులో మీకు మళ్ళీ ఏమన్నా అయ్యుంటే? అప్పటి నుంచి అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొస్తోంది. ఏకాహం భయం దీని ముందు ఏమీ కాదు.

సోమవారం రమ్మని డాక్టర్ చెప్పాడు. నా మీద కోపంతో మానేయకండి. కోపం నా మీద పెట్టుకొని చేయికి మందు ఇప్పించండి.

క్షమించమని అడగడానికి కూడా భయపడుతున్న,
వినోద

*

రఘునాథపల్లి
అక్టోబర్ 25

చిరంజీవి వినోదకు పెద్దబాపు దీవించి రాస్తున్నది. కోపంగానే దీవిస్తున్నాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పెద్దమ్మను కూడా కసురుకున్నాను. చేయి మీద అబద్ధం ఆడతావా? ఇంకోసారి ఇట్లా రాస్తే నిజమైనా నమ్మనని ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. నువ్వు ఎప్పుడు రాసినా మళ్ళీ అట్లాగే పరుగెత్తి వస్తాను. అది నీకు తెలిసిపోయింది, నా బాధ అదే.

సోమవారం పోయాను, ఆ తర్వాత కూడా పోయాను. కోళ్ళ తిండి ఇప్పుడు నేను తీసుకున్నాను. చూపుడు వేలికి గింజ వస్తుంది. నడిమి వేలు ఒకరోజు వింటుంది, ఒకరోజు వినదు. చిటికెన వేలు చచ్చినట్టే ఉంది. ఎంతవరకు వస్తుందో చెప్పలేమని డాక్టర్ అన్నాడు. భయం పోలేదు బిడ్డా. పొద్దున కళ్ళు తెరవకముందే కుడి చేత్తో ఎడమ చేయిని తడుముకుంటాను. మొన్న తడిమితే అది కూడా కొంచెం తిరిగి పట్టుకున్నట్టు అనిపించింది. నిజమో, ఆశో తెలియదు.

సదానందం ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. నా మాట ఎంత తడబడినా పూర్తిగా విన్నాడు. తర్వాత "ఎప్పుడొస్తవ్ బావా?" అన్నాడు. వస్తానన్నాను.

ఏకాహం ముందు డోలక్ తాళ్ళు బిగించు, వానలకు వదులై ఉంటాయి. హసన్‌పర్తి ఆయన చేయి మార్చేది సాయంత్రం. అంతకుముందే నేను వచ్చి నీ పక్కన కూర్చుంటాను. చేతి మీద కండువా కప్పి ఉంచమని నీకు రాద్దామనుకున్నాను. వద్దులే, చూసేవాళ్ళు చూడనీ. వచ్చి కూర్చున్నవాళ్ళు ముందు ఎడమ పక్క అందుకోవడం మన పద్ధతి. నేను అందుకోలేను. నువ్వు వాయిస్తూనే కుడి పక్క నాకివ్వు. ఆ చేయికి ఏం కాలేదు.

ఎడమ పక్క మాత్రం వదలకు.

నీ పెద్దబాపు,
సారంగపాణి